పొల్లు పోకుండా

ఆ దీవి పేరు చెప్పను, కంపెనీ ఒప్పుకోదు.
రాయదుర్గంలో తొమ్మిదో అంతస్తు,
ఏసీ చలికి చున్నీ చెవుల దాకా లాక్కుని
రాత్రంతా నేను ఆ దీవి వాకిట్లో కూర్చుంటాను.
హెడ్‌సెట్ పెట్టుకోగానే నా పేరు పౌలా.

లిస్బన్ నుంచి ఒకాయన, మ్యూనిక్ నుంచి కొత్త జంట,
పోలండ్‌లో నోరు తిరగని ఏదో ఊరి టీచరమ్మ.
అందరికీ అదే పాఠం:
వీసా అక్కర్లేదండీ, తొంభై రోజుల దాకా.
పాస్‌పోర్టు మాత్రం, మీరు వెనక్కొచ్చే రోజు నుంచి
ఇంకా ఆరు నెలలు బతికుండాలి.
తిరుగు టికెట్టు, హోటల్ కాగితం,
విమానంలో ఇచ్చే పచ్చ కార్డు నల్ల సిరాతో నింపాలి.
దోమల దేశం మీదుగా వస్తే పసుపు జ్వరం టీకా చీటీ.

వీసా అక్కర్లేదని రాత్రికి నలభై సార్లు అంటాను.
నలభై సార్లూ గొంతులో ఏ తేడా రాదు,
అందుకే రెండు నెలలు వరసగా
'బెస్ట్ వాయిస్' కప్పు నాకే ఇచ్చారు.
కప్పు అంటే కాఫీ కప్పే.

సముద్రం నేను చూడలేదు.
తెర మీద చూశాను, మరీ నీలం.
దుర్గం చెరువు వంతెన తీగలకి రాత్రి లైట్లు వేస్తారే,
ఆ నీలం.

మొన్న రెండున్నరకి రాటర్‌డామ్ నుంచి ఒక ముసలమ్మ.
టికెట్టు మీద మీకే, పాస్‌పోర్టు మీద మరియా విల్హెల్మినా.
ఎవరికి? మీకే? అని లోపల నవ్వొచ్చింది, మింగేశాను.
"డెబ్బై ఒక్క ఏళ్ళూ అందరూ మీకే అనే పిలిచారు,
ఆ పెద్ద పేరు బాప్టిజం నాడు పెట్టి మడిచి దాచేశారు.
ఇప్పుడు ఏది నేను?" అంది.
స్క్రిప్టులో జవాబుంది, ఆరో పేజీ.
పేరు అక్షరం పొల్లు పోకుండా కలవాలి.
మార్పుకి డెబ్బై యూరోలు.
చదివాను.

చదువుతుంటే పంటికింద నా పేర్లు తగిలాయి.
అమ్మ మొక్కుకుని పెట్టింది పోశవ్వ.
ఒకటో తరగతిలో సారు, "గీ పేరేంది బిడ్డా" అని
తనే పూజిత అని రాసుకున్నాడు.
రేషన్ కార్డులో పోశవ్వ, టెన్త్ మెమోలో పూజిత,
ఆధార్‌లో పుజిత, దీర్ఘం మీసేవలో ఎక్కడో రాలిపోయింది.
టోలిచౌకి పాస్‌పోర్టు ఆఫీసులో కౌంటర్ మేడమ్
మూడు కాగితాలూ పక్కపక్కన పరిచి
మిగతా ఇద్దరూ ఏరీ అన్నట్టు నా వెనక చూసింది.
అఫిడవిట్, రెండు పేపర్లలో ప్రకటన, మళ్ళీ రమ్మంది.
ప్రకటన డబ్బులు ఫ్రిజ్ వాయిదాకి పోయాయి.

స్క్రిప్టు దాటకూడదు, కాల్ రికార్డవుతుంది.
అయినా అన్నాను, "రెండూ మీరేనండీ.
డబ్బు కట్టి టికెట్టు మార్పించుకోండి,
పేరు మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి."
అవతల కాసేపు ఏదో గిన్నె చప్పుడు.
"నీ పేరు నిజంగా పౌలానా?"
"అవునండీ."
రేటింగ్ ఐదుకి మూడు.

ఐదింటికి క్యాబ్. ఖాజా భాయ్ అద్దంలో చూసి
"ఇయాల ఎంతమందిని లోపలికి తోలినవమ్మా?"
రోజూ ఇదే ప్రశ్న.
ఆరు నెలల సంగతి చెబితే నవ్వాడు.
దమ్మామ్‌లో ఆయన పాస్‌పోర్టు
ఆరేళ్ళు కఫీల్ బీరువాలో ఉందట, చెల్లుతూనే.
"గడువు దానికుండె, నాకు లేకుండె."
హైటెక్ సిటీ మెట్రో కింద ఎర్ర లైటు.
రోడ్డు మీద పిట్ట లేదు.
అయినా ఆగాం.

బోరబండలో దిగేసరికి సందు మొదట్లో నీళ్ళ ట్యాంకర్,
బిందెలు, అరుపులు, పైపు మీద కాలేసి నిలబడ్డ సాయిలు.
"పోశీ, ఉరుకు!" అమ్మ.
ఎవరినని అడక్కుండా ఉరికాను,
మెడలో పూజిత అన్న కార్డు ఊగుతుండగా.
బిందె పెట్టబోతే సాయిలు చెయ్యి అడ్డం పెట్టాడు.
"టోకెన్ ఏది?"
ఇచ్చాను.
వీధి లైటు కిందికి పట్టి తిప్పి చూశాడు, రెండు వైపులా,
తీరిగ్గా.
వాడి వెనక పైపు నుంచి నీళ్ళు
సందులోకి పోతూనే ఉన్నాయి.